ఎలుకలు ఎలాంటివి?

మా తెలుగు సారు మొన్న టీవీలో ఒక బొమ్మల సినిమా వేశారు. పేరు ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’. 1974లో విజయా ములే గారు తీశారు. నీతిచంద్రికలో పావురాల కథ లాంటిదే. వలలో పడ్డ పిట్టలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి. ఎలుకలు వల కొరికేస్తాయి. మాకు హిందీ అంతంత మాత్రం. అయినా కథ అర్థమైపోయింది.

“ఎలుకలు ఎలాంటివి?” అన్నారు సారు.

“మంచివండీ!”

“ఏం చేశాయని?”

“వల కొరికాయండీ.”

“పాత్ర స్వభావం అంటే అదేరా. ముందు చేసిన పని రాయండి, తర్వాత గుణం రాయండి” అన్నారు.

మనం తెనాలి, బాపట్ల, రేపల్లె వైపుల నుంచి వచ్చాం. తలా ఒక యాస. నాకు మాట తక్కువని ‘మూగోడు’ అంటున్నారు. రాత్రి కరెంటు పోతే భయపడే చిన్నపిల్లల పక్కన కూర్చునేది ఎవరు? అది చూసి పేరు పెట్టండి మిత్రులారా!