బంతి అని పేరు పెట్టాను

ఫైనల్ ఫాంటసీ 7లో ఎరిత్ చచ్చిపోతుంది. 1997లో వచ్చిన ఆటకి ఇంకా స్పాయిలరేమిటి! నాకూ ముందే తెలుసు. తెలిసే ఆడాను, రాజమండ్రిలో, అన్నయ్య వదిలేసి వెళ్ళిన పాత కంప్యూటర్లో. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

మిడ్గార్ అనే నగరంలో పూలమ్ముకునే పిల్ల ఎరిత్. ఒక్క గిల్, అంటే ఆ ఆటలో డబ్బు, ఇస్తే పువ్విస్తుంది. కొనడం మానడం మనిష్టం. తర్వాత ఒక పాడుబడ్డ చర్చిలో కనిపించి పేరు చెప్పినప్పుడు ఆ పేరు మార్చుకోవచ్చు. రోజూ కడియపులంక పూల మార్కెట్ మీదుగా కాలేజీకి వెళ్ళేదాన్ని కదా, సరదాకి ‘బంతి’ అని పెట్టాను. అక్కడే ఇరుక్కుపోయాను. ఇక కథలో అందరూ ఆమెని నేను పెట్టిన పేరుతోనే పిలుస్తారు.

ఆపైన చాకిరీ. ఆమెకి కర్రలు కొనాలి, మెటీరియా బిగించాలి, చిన్నాచితకా యుద్ధాలు చేయించి బలం పెంచాలి. దెబ్బలు తగిలినప్పుడు మిగతావాళ్ళని కోలుకునేలా చేసేది ఆమే. అందుకని ఆమె పోయాక కూడా, కష్టం రాగానే నా చూపు ఆమె పేరు ఉండే చోటికే పోయేది. తాతయ్య పోయాక మామ్మ నెల్రోజులు పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలిపింది. రెండో గ్లాసు ఎవరూ తాగమని అడగలేదు, ఎవరూ పారబొయ్యలేదు. మనసు కన్నా చెయ్యి ఆలస్యంగా నమ్ముతుందేమో.

యుద్ధంలో పడిపోయినవాళ్ళని లేపడానికి ఫీనిక్స్ డౌన్ అని ఒకటుంటుంది. నా సంచిలో బోలెడు ఉన్నాయి. సెఫిరోత్ కత్తి దిగాక ఒక్కటీ పనికిరాలేదు. వెంటనే ఇంకో యుద్ధం మొదలవుతుంది, కానీ యుద్ధం పాట రాదు. నొబువో ఉఎమత్సు కట్టిన ఆమె బాణీయే సాగుతూ ఉంటుంది, దాని మధ్యే మనం బటన్లు నొక్కాలి. తర్వాత క్లౌడ్ ఆమెని ఎత్తుకెళ్ళి నీళ్ళలో వదిలేస్తాడు. కోటిలింగాల రేవు చూసినవాళ్ళకి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

మా తాతయ్య తరంవాళ్ళు హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడు చచ్చిపోతే తెల్లవార్లూ ఏడ్చేవారు. కానీ తెర పడేలోపు వాడు లేచి కూర్చుంటాడని వాళ్ళకి తెలుసు. ఎరిత్‌ని బతికించే రహస్య మార్గం ఏదో ఉందని అప్పట్లో దేశదేశాల్లో పుకార్లు. చాలామంది వెతికారు. లేదు. మెటీరియా తిరిగి మన సంచిలోకి వచ్చేస్తుంది. సంచిలో మిగిలిపోయిన ఆమె కర్రలు మాత్రం ఇంకెవరికీ పనికిరావు. నేను అమ్మలేదు.

2020లో రీమేక్ వచ్చింది. పాత్రలకి గొంతులొచ్చాయి కాబట్టి పేరు మార్చే వీల్లేదు. ఆమె చాలా బావుంది, నవ్వు మరీనూ. అందరూ ఎరిత్ అనే పిలుస్తారు. నాకు మాత్రం పక్కింటికొచ్చిన చుట్టాలమ్మాయిలా ఉంది.