పొగ రాని మంట

ఏలూరు చుట్టుపక్కల పల్లెల్లో కట్టెల పొయ్యి వంటింట్లోంచి పెరట్లోకి మారింది గానీ ఎక్కడికీ పోలేదు. 1999లో దీపం పథకం మొదలయ్యాక అన్నం, పప్పు మెల్లమెల్లగా గ్యాసు మీదికి వెళ్ళాయి. తెల్లారగట్ల నీళ్ళ కాగు కింద, సంక్రాంతికి అరిసెల పాకం కింద, పెళ్ళివారి గాడిపొయ్యిలో, కొల్లేటి లంకల్లో చేపల పులుసు దాక కింద మండేది ఇప్పటికీ కట్టే. గ్యాసు రాగానే మంట పెట్టే విద్యని వదిలేశాం, పొగని మాత్రం వదల్లేదు. నా బాధంతా అదే.

పొగంటే కాలకుండా తప్పించుకుపోయిన కట్టె. వేడికి కట్టెలోంచి ఆవిర్లు లేస్తాయి. సెగా గాలీ చాలినంత అందితే అవి మంటగా మండిపోతాయి. అందకపోతే గోడకి మసిగా, ఊపిరితిత్తులకి నుసిగా పడతాయి. 2020 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా ప్రకారం వంటింటి పొగ ఆ ఒక్క ఏడాదే 32 లక్షల ప్రాణాలు తీసింది. అందులో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేళ్ళు నిండని పిల్లలు. వంట చేసే తల్లి చంకలోనో పక్కనో ఉండేది వాళ్ళే మరి.

పొగని అడితిలోనే వదిలించుకోవచ్చు. అప్పుడే నరికిన కట్టె బరువులో సగం దాకా నీళ్ళుంటాయి, అది 20 శాతం లోపుకి దిగితేగానీ శుభ్రంగా మండదు. తాడేపల్లిగూడెంలో వంటలు ఒప్పుకునే ఒకావిడ సరుగుడు కట్టె ఏరుకుంటుంటే పక్కనే నిలబడి చూశాను. రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. ఠంగుమన్నవి ఇటు పెట్టింది, దబ్బుమన్నవి అటు గిరాటేసింది. తర్వాత కోసిన మొదలు తిప్పి చూసింది. ఎండిన కట్టెకి నడిమి నుంచి అంచు దాకా బీటలుంటాయి, బెరడు గోటికే ఊడొస్తుంది.

"ఏంటక్కా, అన్నీ ఒకటే కట్టె గదా!" అన్నాడు అడితి అబ్బాయి.

"నీకు ఒకటే తమ్ముడూ. పొగ మింగేది నేను," అంది తలెత్తకుండానే.

లంకల్లో కట్టె ఎండబెట్టడం కన్నా ఎండినదాన్ని తడవనివ్వకపోవడం కష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్ళు కొల్లేట్లో పడి లంక గ్రామాల దారులు మునిగినప్పుడు మళ్ళీ చూశాం కదా! అక్కడ కట్టె నేలమీద పేర్చకూడదు. అడ్డకర్రల మీద ఎత్తుగా పేర్చి, పైన రేకు కప్పి, పక్కలు గాలికి వదలాలి. చుట్టూ పట్టా బిగించి కడితే లోపల చెమ్మకి బూజు పడుతుంది.

ఇక పొయ్యి. అడుగున బూడిద నిండిపోతే ఊదుగొట్టంతో ఎంత ఊదినా దండగే. ఇనప చువ్వల జాలీ ఒకటి కాస్త ఎత్తుగా పెడితే కట్టె దాని మీద మండుతూ కిందనుంచి గాలి లాక్కుంటుంది. లావు మొద్దు కుక్కే బదులు చీల్చిన సన్నకట్టెలు మూడు, మధ్యన సందు వదిలి పెట్టి, కాలినకొద్దీ ఎగదోయాలి. రాజేయడానికి ఎండు తాటాకు, కొబ్బరి పీచు చాలు. చేపల చెరువుల మేత సంచులు చింపి అంటిస్తుంటారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ప్లాస్టిక్ పొగ కట్టెపొగ కన్నా విషం.

పొగగొట్టం ఆలోచన మనకి కొత్తది కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లేబొరేటరీస్‌కి చెందిన ఎస్.పి.రాజు పొగలేని వంటిళ్ళ మీద 1953లోనే పుస్తకం వేశారు. 1980ల నుంచి 2002 దాకా కేంద్రం దేశమంతా మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పెట్టించింది. చాలావరకు మూలపడ్డాయి. కట్టించే శ్రద్ధ తర్వాత గొట్టం తుడిపించడంలో లేకపోయింది. మసి పేరుకుంటే పొగ ఎదురు తంతుంది, ఒక్కోసారి ఆ మసే గొట్టంలో అంటుకుంటుంది. పొయ్యి చల్లారాక, పొడవాటి కర్రకి గోనె చుట్టి నెలకోసారైనా తుడవాలి. గొట్టం పైకి వెళ్ళే చోట తాటాకు తీసేసి రేకు వేయించాలి. తాటాకిళ్ళ వాడల్లో వేసవి వస్తే, గాడ్పు లేవకముందే వంట ముగించి నిప్పు ఆర్పించేవాళ్ళు పెద్దలు. ఆ పట్టింపు ఇప్పటికీ అవసరమే.

కుంపటి సంగతి వేరు. బొగ్గులకి పొగ లేదు కదా అని బాలింత గదిలో పెట్టి తలుపులు బిగిస్తారు. బొగ్గు నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే తల్లీబిడ్డల్ని తీసుకుపోతుంది. మూసిన గదిలో కుంపటి వద్దే వద్దు.

నివురు కింద నిప్పు మర్నాటి దాకా దాక్కుంటుంది. బూడిదని ఇనప బక్కెట్లోకి ఎత్తి, మూతపెట్టి, గడ్డివాముకి దూరంగా ఉంచి, పొద్దున్నే నీళ్ళు చిలకరించి చూసుకోవాలి. ఆ తర్వాత అంట్లకి వాడుకోవచ్చు, పురుగు పట్టిన బీరపాదు మీద చల్లుకోవచ్చు. మేత సంచులు కాల్చిన పొయ్యి బూడిద మాత్రం ఈ రెంటికీ పనికిరాదు.