ఏ గేటు?

దుబాయి విమానాశ్రయంలో మూడవ టెర్మినలును 2008 లో తెరిచారు. విదేశీ ప్రయాణికుల లెక్కలో 2014 లో ఈ విమానాశ్రయం లండను హీత్రోనే దాటిపోయింది. ఆ టెర్మినలును భవనం అనడంకంటే వూరు అనడమే సబబు. వూళ్లో అయితే అరుగుమీద కూర్చున్న పెద్దమనిషిని దారి అడగవచ్చు. ఇక్కడ అందరూ మనబోటి బాటసారులే!

అమెరికాలో వున్న చెల్లెలింటికి అమ్మను తీసుకుపోతూ అక్కడ దిగాను. మధ్యలో మూడు గంటల వ్యవధి. నాకు సెలవు నెల రోజులే. అమ్మ మాత్రం చెల్లెలి పురుడు చూసుకుని, నాలుగు నెలల తరువాత ఒంటరిగా తిరిగి రావాలి. చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొనేటప్పుడే చెప్పవచ్చునంటే, "కాళ్లుండగా కుర్చీ ఎందుకురా?" అన్నది. తెలుగు తప్ప మరో అక్షరం చదవలేదు. కనుక ఆ మూడు గంటలూ మాకు పాఠమే.

"మన విమానం ఏ గేటురా?"

"ఏ గేటేనమ్మా."

"అదేరా నేనూ అడుగుతున్నది!"

అక్కడి గేట్లు ఏ, బి, సి అని మూడు పేటలు. బి నుంచి సి కి నడిచిపోవచ్చు. ఏ పేట విడిగా వుంది. డ్రైవరు లేని చిన్న రైలెక్కి పోవాలి. చివరికి అమ్మే పేర్లు పెట్టింది: ఏ నిచ్చెన, బి రెండు బొజ్జలు, సి నెలవంక. చేతిలోని కార్డుమీద గేటు మారినా మారవచ్చు, తెరమీద మళ్లీ చూసుకోవాలని చెప్పాను.

ఒకచోట బోర్డుమీద బాణం నిట్టనిలువుగా పైకి చూపిస్తున్నది. నేను అమ్మను మేడమీదికి తీసుకుపోయాను. అక్కడ దుకాణాలు తప్ప మరేమీ లేవు.

"పుస్తకంలో ముగ్గుకు పైనున్న చుక్క వాకిట్లో ముందుకు వస్తుంది గదా! అదీ అంతేనేమో, నాన్నా" అన్నది అమ్మ.

ఇరవయ్యేళ్లుగా వ్యాకరణం చెబుతున్నవాణ్ణి, కిమ్మనకుండా కిందికి దిగాను. ఆ బాణానికి అర్థం తిన్నగా ముందుకు పొమ్మనే.

దుబాయి గడియారం మనకు గంటన్నర వెనుక. కార్డుమీద వేసేది అక్కడి వేళే. అమ్మ తన వాచీ ముల్లు తిప్పనీయలేదు. "నా వాచీ ముందుంటే నేనూ ముందే పోతాను. నష్టమేముంది?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాలుగు నెలల తరువాత శంషాబాదులో గంటసేపు నిలబడ్డాను. అందరూ వచ్చేశారు, అమ్మ లేదు. ఎక్కడ దారి తప్పిందోనని గుండె దడదడలాడింది. అంతలో అమ్మ మెల్లగా బయటికి వచ్చింది. వెంట మరో ఇద్దరు ముసలమ్మలు.

"ఆలస్యమైందిరా. పాపం వీళ్లు రైలెక్కడో తెలియక నిచ్చెన దగ్గరే కూర్చున్నారు. రెండు బొజ్జల గేటుకు నేనే నడిపించుకొచ్చాను. ఈవిడకు మోకాళ్ల నొప్పులు. ముందా పెట్టె అందుకో" అన్నది.