కాటా చీటీ, డిస్కు లెక్క

బైలదిలా కొండల ఇనుపరాయి ప్రధానంగా కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుందని మన ఇళ్ళలోని పిల్లలకు సైతం తెలుసు. కిరండూల్‌లో గూడ్సుబండి కదిలినంతమాత్రాన రాయి ఓడకెక్కినట్లు కాదు. జగదల్‌పూర్, అరకు దాటి, రేవులో గుట్టగా పడి, ఓడ వచ్చేవరకు వేచియుండాలి. బండిని పంపినవారు మాత్రం ఓడకోసం ఎదురుచూడక తరువాతి బండిని నింపుకుంటారు. యూనిక్స్‌లో డిస్కుపై వ్రాత కూడ సరిగా ఇట్లే సాగుతుంది.

ఈ సంగతి 1990లలో బస్తరులో ఒక గుమాస్తా గౌరవానికి సంబంధించిన విషయమైనది. పేరు అనవసరమైన ఒక కార్యాలయపు కాటా దగ్గర, పిడుగుల వానలో కరెంటు పోయింది. యూపీఎస్ ఇంకా రాని రోజులవి. కరెంటు వచ్చాక చూడగా చివరి లారీ తూకం ఫైలులో లేదు. చీటీ ముద్రితమైనది, లారీ గేటు దాటినది, లెక్క మాత్రం లేదు. రాయికి రాయల్టీ ఉన్నది కనుక ఒక్క లారీ అయినా చిన్న విషయం కాదు. “ఎంటర్ కొట్టాను సార్, స్క్రీన్ మీద వచ్చింది కూడా” అని ఆయన మొత్తుకున్నారు. నమ్మినవారు తక్కువ.

ఆయన చెప్పినది అక్షరాలా నిజమే కావచ్చునని నేను అధికారిగారికి విన్నవించితిని. ప్రోగ్రాము ‘రైట్’ అని పిలవగానే కెర్నెల్ ఆ సమాచారాన్ని తన బఫరులోనికి నకలు చేసుకొని, “అయినది” అని బదులిస్తుంది. డిస్కుకు పంపే పని తరువాతిది. సాధారణంగా ముప్పది సెకన్లకొకసారి మిగిలిన బఫర్లను పంపే ఏర్పాటు ఆనాటి యూనిక్స్‌లో ఉండేది. అప్పుడైనా డ్రైవరు కోరికను వరుసలో నిలిపి వెనుదిరుగుతుంది. డిస్కు తన పని ముగించి ఇంటరప్ట్ ద్వారా కబురంపే వేళకు మరొక ప్రోగ్రాము నడుస్తూ ఉండవచ్చును. అందుచేతనే ముందుగా నకలు తీయుట. ఇంటరప్ట్ సమయంలో మొదటి ప్రోగ్రాము జ్ఞాపకస్థానాన్ని తాకరాదు, నిద్రించరాదు. ఈ నియమం డ్రైవరు వ్రాసేవారికి అన్నిటికంటె ముఖ్యమని నా అభిప్రాయం.

కరెంటు ఈ నడిమి సెకన్లలో పోయినది. కాగితంపై చీటీ ముందు పడినది, డిస్కు లెక్క పడలేదు. గేటు పుస్తకంలోని సమయమూ, డ్రైవరు (ఈసారి లారీ డ్రైవరు!) వద్దనున్న చీటీ నకలూ సరిపోలినవి. గుమాస్తాగారిపై విచారణ అంతటితో ఆగినది.

ఆలస్యపు వ్రాతలో మరొక చిక్కు కలదు. డిస్కు “వ్రాయలేకపోయితిని” అని చెప్పునప్పటికి అడిగిన ప్రోగ్రాము ముగిసిపోయి ఉండవచ్చును. అప్పుడు ఆ దోషాన్ని ఎవరికి అప్పగించాలి? ఇది పాతకాలపు ప్రశ్న కాదు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిర్మాతలు లినక్స్‌లో ఇటువంటిదే గుర్తించారు. విఫలమైనదని ‘ఎఫ్‌సింక్’ ఒకసారి తెలిపిన పిమ్మట, మరల అడిగితే అంతా సవ్యమనే జవాబు రావచ్చునట!

మా కాటా ప్రోగ్రాములో ప్రతి తూకానికి ‘ఎఫ్‌సింక్’ పిలిచి, అది సఫలమైన తరువాతనే చీటీ ముద్రించే క్రమం పెట్టితిమి. చీటీ కొంచెం ఆలస్యంగా వచ్చేది. లారీవారు హారను మోగించేవారు. గుమాస్తాగారు మాత్రం ఏనాడూ తొందరపడలేదు.