ఎస్సే పేపర్: ఒక్కరే కూర్చుని పాయింట్లు రాబట్టడం ఎలా?

మెయిన్స్‌లో ఎస్సే పేపర్ 250 మార్కులది. 3 గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి 1000 నుంచి 1200 పదాలు. టాపిక్ చూడగానే నాలుగు పాయింట్లు గబగబా వస్తాయి. ఐదోది రాదు. ఆ నాలుగూ పక్క బెంచీలో కూర్చున్నవాళ్లకూ వచ్చి ఉంటాయి.

"డిస్కషన్ గ్రూప్ లేకపోతే ఎస్సే కష్టం" అని మీరూ వినే ఉంటారు. నేను అనంతపురంలో ఇంటి దగ్గరే ఉండి, తెలుగు మీడియంలో మెయిన్స్‌కు చదువుతున్నాను. బీటెక్ స్నేహితుల్లో ప్రిపేరయ్యేవాళ్లంతా ఢిల్లీ వెళ్లిపోయారు. నాన్న రిటైర్మెంట్‌కు రెండేళ్లుంది, నా చేతిలో ఉన్న సమయం కూడా అంతే. అందుకే గ్రూప్ లేకుండా ఆలోచనలు వస్తాయా అనేది నాకు తేలాల్సిన విషయం.

బ్రెయిన్‌స్టార్మింగ్‌కు ప్రచారం తెచ్చింది అమెరికా ప్రకటనల రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్‌బోర్న్. 1953లో వచ్చిన 'అప్లైడ్ ఇమాజినేషన్' ఆయన పుస్తకమే. గుంపుగా కూర్చుంటే ఆలోచనలు ఎక్కువ వస్తాయని ఆయన నమ్మకం. 1958లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. కలిసి కూర్చున్న నలుగురి కంటే, విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలను కలిపితేనే ఎక్కువ ఆలోచనలు తేలాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆ ఆగడంలో ఆలోచన జారిపోతుందని 1987లో మరో పరిశోధన చూపించింది.

అయితే ఒక్కరు నలుగురికి సమానమని దీని అర్థం కాదు. నలుగురుంటే నాలుగు కోణాలుంటాయి. ఒంటరిగా చదివేవాళ్లు ఆ కోణాలను తామే తెచ్చుకోవాలి. అందుకు నేను వాడే పద్ధతులు మూడు.

1. గళ్ల పట్టిక

ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ 'మార్ఫలాజికల్ బాక్స్' పేరుతో ప్రచారం చేసిన పద్ధతి ఇది. మన అవసరానికి చిన్నది చేసుకుందాం. టాపిక్ 'నీరు' అనుకోండి. నిలువుగా రైతు, గృహిణి, నగరవాసి, న్యాయమూర్తి అని రాయండి. అడ్డంగా నిన్న, నేడు, రేపు. మొత్తం 12 గళ్లు.

రైతు–నిన్న: కాకతీయుల చెరువులు. న్యాయమూర్తి–నిన్న: 1969లో ఏర్పడిన కృష్ణా జలాల ట్రిబ్యునల్. న్యాయమూర్తి–నేడు: రాజ్యాంగం 262వ అధికరణ. నగరవాసి–నేడు: 2019లో రైళ్లలో నీళ్లు తెప్పించుకున్న చెన్నై. గృహిణి–నేడు: బిందె మోత, జల్ జీవన్ మిషన్. ఈ గడి దగ్గర కాసేపు ఆగితే, నీళ్ల కోసం బడి మానేసే ఆడపిల్ల గుర్తొస్తుంది. నీటి వ్యాసం అక్కడి నుంచి విద్యలోకి వెళ్తుంది. ఖాళీగా మిగిలిన గడీ పనికొస్తుంది: రేపు ఏం చదవాలో అది చెబుతుంది.

2. తలకిందుల ప్రశ్న

"నీటి కొరత తీరాలంటే ఏం చేయాలి?" అంటే పాత జవాబులే వస్తాయి. "కొరత ఇంకా పెరగాలంటే ఏం చేయాలి?" అని అడగండి. చెరువులు పూడ్చి ప్లాట్లు వేయాలి, మెట్ట భూముల్లో బోర్ల కింద వరి వేయాలి, మురుగునంతా నదిలోకి వదలాలి. ఒక్కొక్కటి తిరగేస్తే ముగింపులో రాసే పరిష్కారాలు సిద్ధం.

3. ముందు రాత, తర్వాత కోత

మొదటి 10 నిమిషాలు ఏదీ కొట్టేయకండి. "ఇది సిల్లీగా ఉంది" అనిపించినా రాయండి. ఆ తర్వాతే వేరే రంగు పెన్నుతో కత్తిరించండి. ఒంటరిగా ఉన్నప్పుడు మనల్ని ఎవరూ వెక్కిరించరు, ఆ పని మనమే చేసుకుంటాం. కాబట్టి రాసే సమయం, తీర్పు చెప్పే సమయం వేరుగా ఉండాలి. పరీక్ష హాల్లోనూ చివరి పేజీలో రఫ్ వర్క్‌కు ఈ 10 నిమిషాలు కేటాయిస్తే నష్టం లేదు. దారి తెలిశాక చేయి ఆగదు.

ఈ రోజే పాత ప్రశ్నపత్రం నుంచి ఒక టాపిక్ తీసుకోండి. 12 గళ్లు గీయండి. గడియారం పక్కన పెట్టుకుని నింపండి. ఎన్ని నిండాయో, ఏవి మిగిలాయో తేదీ వేసి దాచుకోండి. నెల తర్వాత అదే టాపిక్‌తో మళ్లీ కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆల్ ది బెస్ట్.