సముద్రం నుంచి సెలవు మీద

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫుకు పోయినవాళ్లు లేని వాడ కనిపించదు. దుబాయి, మస్కట్, కువైట్ ఇక్కడి ముసలమ్మలకు కూడా పక్క మండలాలంత దగ్గర. అయినా అక్కడి సముద్రాన్ని తీరిగ్గా చూసినవాళ్లు తక్కువే. "ఎట్లుంటది మామా సముద్రం?" అని అడిగితే, "డ్యూటీ బస్సులకెల్లి కనవడ్తది బిడ్డా, దిగేదెక్కడ?" అంటారు. యూరప్ జనం సెలవులొస్తే మధ్యధరా సముద్రం ఒడ్డున చిన్న చిన్న ఊళ్లకు పోతారు. వీళ్లు సముద్రాన్ని వదిలి గోదావరి ఒడ్డుకు వస్తారు. ఈ ప్రాంతాన్ని ఆ సెలవు మనిషి వెంట తిరిగి చూస్తేనే బాగుంటుంది.

బుగ్గారం పేరు పాత ఓటర్లకు బాగా తెలుసు. 2009 దాకా అదొక అసెంబ్లీ నియోజకవర్గం, ఆ తర్వాత ధర్మపురి పేరు వచ్చింది. 2016లో జిల్లాల విభజనప్పుడు మండలమైంది. పొలాలు, మామిడి తోటలు, చాయ్ హోటళ్లు; టూరిస్టు ఆగి చూసేదేమీ లేదు. గల్ఫు నుంచి వచ్చినాయన మాత్రం శంషాబాద్‌లో దిగి, తాళ్లు బిగించి పేరు రాసిన అట్టపెట్టెలను బండి మీద వేయించుకుని నేరుగా ఇటే వస్తాడు. పెట్టెల్లో పాలపొడి, అత్తరు, జండూబామ్, ఒక మందపాటి దుప్పటి. మే నెల ఎండలో ఆ దుప్పటి ఎవరికని అడగకూడదు! అది మర్యాద. మర్నాటి నుంచి చుట్టాలు, దావత్‌లు. పొద్దుగాల మండువలో కల్లు. ఏ హోటల్ వాడూ పెట్టలేని విడిది అది.

వచ్చాక ధర్మపురి పోనివాళ్లు అరుదు. ఇక్కడ గోదావరి దక్షిణవాహిని అని చెప్పుకుంటారు. లక్ష్మీనరసింహస్వామి గుడి ప్రాంగణంలోనే యముడికి గుడి ఉంది. అక్కడి గండదీపంలో నూనె పోస్తే గండాలు తప్పుతాయని నమ్మకం. సీసాతో నూనె తెచ్చి, మరెవరో పోసిన నూనె మీదే తానూ పోసి, ఒత్తి ఎగదోసి పక్కకు జరుగుతారు. నలభై అంతస్తుల ఎత్తున కర్రలు కట్టి పనిచేసే మనిషి ఆ దీపం ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడతాడంటే అర్థం చేసుకోవచ్చు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. కోనేట్లో తెప్పోత్సవం, డోలోత్సవం జరిగే సాయంత్రాలు మెట్ల మీద కాలు పెట్టే సందుండదు. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిదీ ఈ ఊరే.

గోదావరి వెంట ఇంకా కిందికి పోతే కోటిలింగాల. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. శాతవాహనుల మొదటి రాజు చిముకుడి నాణేలు దొరికింది ఇక్కడే. అటు పెద్దపల్లి దగ్గరి పెద్దబొంకూరు తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కింద మధ్యధరా సొమ్మే ఇంతదూరం నడిచొచ్చిందన్నమాట! ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు ఆ ఒడ్డును చాలావరకు ముంచాయి. చూడటానికి విశాలంగా, అందంగానే ఉంటుంది కానీ, అడుగున ఉన్నదేమిటో తెలిసినవాళ్లకు ఆ అందం పూర్తిగా రుచించదు.

జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది. చుట్టూ కందకం. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడు. ఫ్రెంచి ఇంజినీర్ల చెయ్యి పడిందని చెబుతారు. అరగంటలో చూడొచ్చు.

ఇంతమంది గల్ఫుకు ఎందుకు పోయారన్నదానికి జవాబు పొలాల్లో కొంత, రాజకీయాల్లో కొంత ఉంది. 1978 సెప్టెంబరులో దొరలకు ఎదురుగా రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లల్లో పోలీసు క్యాంపులు, బోర్లలో నీళ్లు లేవు, సిరిసిల్ల మగ్గాలకు గిట్టుబాటు లేదు. వీసా ఉందంటే అప్పు చేసైనా విమానం ఎక్కారు. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం లాగారు. ఇప్పుడు కనిపించే రంగుల డాబాలకు పునాది ఈ రెండు సంపాదనలు. డాబా చూపించేటప్పుడు మొదటిదాని గురించే చెబుతారు.

వెళ్లదలిస్తే వానలు తగ్గాక, లేదంటే మామిడికాయ దిగే రోజుల్లో. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజులకు సెలవు కావాలంటే గల్ఫు క్యాంపులో ఫోర్‌మన్‌ను ముందే పట్టుకోవాలి, ధర్మపురిలో గది కావాలంటే తెలిసినవాళ్లను.