నోరున్న రాయి

కిడ్నీలో రాళ్లున్న మనిషికి మన దగ్గర సలహాలకు కొదవ ఉండదు. పెళ్లిపందిట్లో ఒక్కసారి నోరు జారి చూడండి. కొండపిండాకు పప్పు తినమని ఒకరు, ఉలవకట్టు తాగమని ఒకరు, అరటిదూట రసం పరగడుపునే పుచ్చుకోమని ఇంకొకరు. నాలుగో ఆయన తన రాయి ఎన్ని ఎం.ఎం.లో చెప్పి మీ రాయిని చిన్నబుచ్చుతాడు. ఆ వెంటే నిషేధాలు మొదలవుతాయి: టమాటా మానెయ్, పాలకూర ముట్టుకోకు, పాలూ పెరుగూ అసలే వద్దు.

ఈ చివరి మాట దగ్గరే నా మనసు ఆగుతుంది. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటువి, కాల్షియం పాలలో ఉంటుంది, పాలు మానేస్తే రాయికి సరుకు అందదు. డాక్టర్లు కూడా చాలాకాలం ఇదే చెప్పారు. 1993లో హార్వర్డ్ పరిశోధకులు 45 వేలమందికి పైగా మగవాళ్ల తిండినీ రాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తిరగబడింది. తిండిలో కాల్షియం ఎక్కువ ఉన్నవాళ్లకే రాళ్లు తక్కువ. 2002లో ఇటలీ వైద్యులు ఇంకాస్త గట్టిగా తేల్చారు. మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చే 120 మందిని రెండు జట్లు చేసి ఐదేళ్లు చూశారు. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు తిరగబెట్టాయి. కాల్షియం జోలికి పోకుండా ఉప్పూ మాంసమూ తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి.

కిటుకు పేగుల్లో ఉంది. పాలకూరలోని ఆక్సలేటుకు అక్కడే కాల్షియం తగిలితే రెండూ కలిసి మలంతో పోతాయి. తగలకపోతే ఆక్సలేటు రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి చేరి, అక్కడి కాల్షియంతో జతకడుతుంది. పాలకూర పప్పు తిన్న విస్తట్లోనే పెరుగన్నంతో భోజనం ముగించడం ఎంత తెలివైన పనో! అయితే, భోజనంతో నిమిత్తం లేకుండా మింగే కాల్షియం బిళ్లలకు ఈ లెక్క వర్తించదు.

మరి పాలు మానేసినవాళ్ల మూత్రంలోకి కాల్షియం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒంట్లో కిలో దాకా కాల్షియం ఉంటే, అందులో 99 శాతం ఎముకల్లోనే. రక్తంలో ఉండేది పిసరంత. కానీ గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా ఆ పిసరంత తగ్గకూడదు. తగ్గితే మెడలో ఉన్న బియ్యపుగింజలంతేసి నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకను కరిగించి లోటు పూడుస్తాయి. ఎముక ఇచ్చేస్తుంది, ఇచ్చినట్టు చెప్పదు. రాళ్లు వచ్చేవాళ్లలో చాలామందికి మూత్రంలో కాల్షియం మోతాదు మించి పోతుంటుంది. వాళ్ల ఎముకల సాంద్రత తోటివాళ్ల కంటే తక్కువగా ఉండటం వైద్యులు గమనిస్తూనే ఉన్నారు.

ఎముకకూ రాయికీ ఉన్న ఈ బాంధవ్యం అన్నిటికంటే కఠినంగా బయటపడింది అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్ ఒంట్లో. ఆరడుగులకు పైబడిన మనిషి, కొన్నేళ్లలో ఏడు అంగుళాలు కుంగిపోయాడు. ఎముకలు మాటిమాటికీ విరిగేవి, కిడ్నీల్లో రాళ్లు చేరాయి. పారాథైరాయిడ్ గ్రంథి ఒకటి అదుపు తప్పిందని డాక్టర్లకు అనుమానం. మెడ కోసి వెతికారు, దొరకలేదు. మళ్లీ మళ్లీ కోశారు. 1932లో ఏడో ఆపరేషన్‌లో అది మెడలో కాదు, ఛాతీ లోపల దొరికింది. గండం గడిచిందనుకున్న కొన్ని వారాలకే, మూత్రనాళంలో ఇరుక్కున్న రాయికి చేసిన ఆపరేషన్ తర్వాత ఆయన చనిపోయాడు. ఎముకల్లోంచి కరిగిన సరుకే రాయై చివరికి ప్రాణం మీదికి వచ్చింది.

అందరికీ గ్రంథులు అలా అదుపు తప్పవు. మనలాంటివాళ్ల ఎముకల మీద చెయ్యి వేసేది ఎక్కువగా ఉప్పు. కిడ్నీ సోడియాన్ని బయటికి పంపేటప్పుడు దాని వెంట కాల్షియాన్నీ పంపేస్తుంది. రోజూ ఒక చెంచాడు ఉప్పు అదనంగా తింటే మూత్రంలో సుమారు 40 మిల్లీగ్రాముల కాల్షియం అదనంగా పోతుంది. ఆవకాయ జాడీ ముందు కూర్చుని ఈ సంగతి తలచుకోవడం నాకూ కష్టమే. రాయికి ఇంకో దన్ను నీళ్లు తాగకపోవడం. ఎండలో రోజంతా లారీ నడిపే డ్రైవరు, పనిచేసే చోట మరుగుదొడ్డి లేక దాహాన్ని బిగబట్టుకునే ఆడకూలీ, వీళ్లకు నీళ్లు తాగమని చెప్పడం తేలిక, తాగే వీలు కల్పించడమే కష్టం.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎముకకు అడగడం చేతకాదు. ఏళ్ల తరబడి తరిగిపోయి, బాత్‌రూమ్‌లో కాలు జారిన రోజున ఒక్కసారి పుటుక్కుమంటుంది. రాయి అలా కాదు, ఇసుకరేణువు కంటే కాస్త పెద్దదైతే చాలు, అర్ధరాత్రి ఇల్లంతా లేపుతుంది. బాధించేది కాబట్టి దాన్ని మాత్రమే రోగం అనుకుంటాం. అది పడిపోగానే హమ్మయ్య అనుకుని డాక్టరు చీటీ చించేస్తాం. రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లు మాత్రం ఆ చీటీ మీద ఇంకో మూడు పరీక్షలు రాయించుకోవాలి: 24 గంటల మూత్రంలో కాల్షియం, రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను. వయసు మీరినవాళ్లయితే ఎముకల సాంద్రత పరీక్ష కూడా. తుంటి విరిగాక పడే మంచంతో పోలిస్తే అది పెద్ద ఖర్చేమీ కాదు.